మెదక్ కేథడ్రల్: గోథిక్ రూపం, కరవు శ్రమ

వ్యాససంగ్రహం:
మెదక్ కేథడ్రల్‌ను గోథిక్ శైలికి తెలంగాణలోని ప్రముఖ ఉదాహరణగా పేర్కొనడం పరిపాటి. ఆ మాట నిజమే అయినా, అది కట్టడాన్ని రూపానికే పరిమితం చేస్తుంది. మధ్యయుగ గోథిక్ నిర్మాణసూత్రాలు, 19వ శతాబ్దపు గోథిక్ పునరుజ్జీవనం, 1914-1924 మధ్య మెదక్ ప్రాంత ప్రజలు చేసిన శ్రమ అనే మూడింటినీ కలిపి చూసినప్పుడే ఈ కట్టడ చరిత్ర అర్థమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మెదక్ కేథడ్రల్, గోథిక్ శైలి, వాస్తుచరిత్ర, కరవు, శ్రమ, తెలంగాణ క్రైస్తవం.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, మెదక్ పట్టణంలో ఉన్న కేథడ్రల్ నిర్మాణం 1914లో మొదలైంది. 1924 డిసెంబర్ 25న దాని ప్రతిష్ఠ జరిగింది. కట్టడం పొడవు సుమారు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంటగోపురం ఎత్తు 175 అడుగులని, లోపల 5,000 మంది ఆరాధనలో పాల్గొనవచ్చునని సాధారణంగా చెబుతారు.

ఈ కట్టడాన్ని గురించిన ప్రచారరచనలలో “వాటికన్ తరువాత రెండవ పెద్ద అధ్యక్షమండలం” అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. ఈ పోలికకు ఆధారం లేదు. వాటికన్ పోపు పాలనలోని నగరరాజ్యం. మెదక్ అధ్యక్షమండలం 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందినది. అది రోమన్ కథోలిక సంఘం కాదు. ఇటువంటి పోలికలు కట్టడం పరిమాణం మీదనే దృష్టి నిలుపుతాయి. దానిని ఎవరు, ఎందుకు, ఏ పరిస్థితులలో కట్టారన్న ప్రశ్నలు వెనుకబడతాయి.

2. మధ్యయుగ గోథిక్ సూత్రాలు:
గోథిక్ శైలి ఫ్రాన్సులో 12వ శతాబ్దంలో రూపుదిద్దుకొంది. పారిస్ సమీపంలోని సెయింట్ డెనిస్ మఠంలో సూజే అనే మఠాధిపతి కట్టించిన గర్భాలయభాగం ప్రతిష్ఠ 1144లో జరిగింది. దీనినే చరిత్రకారులు ఈ శైలికి ఆరంభంగా గుర్తిస్తారు. ‘గోథిక్’ అన్న పేరును ఆ కట్టడాల నిర్మాతలు పెట్టుకోలేదు. ఇటలీ సాంస్కృతిక పునరుజ్జీవన కాలపు రచయితలు, అది అనాగరికుల పద్ధతి అన్న తక్కువచూపుతో ఆ మాట వాడారు.

ఈ శైలి పుట్టుక వెనుక ఒక నిర్మాణ సమస్య ఉంది. రాతితో వంపుకప్పు వేస్తే దాని బరువు కిందికి దిగడంతోపాటు గోడలను బయటికి నెడుతుంది. అర్ధవృత్తాకారపు కమాను ఎత్తు దాని వెడల్పులో సగమే ఉండాలి. కొనదేరిన కమానుకు ఈ నియమం లేదు. వెడల్పు మారకుండానే ఎత్తు పెంచవచ్చు; బయటికి నెట్టే బలం కూడా తగ్గుతుంది. కప్పు బరువును రాతి ఈనెలు స్తంభాలకు అందిస్తాయి. మిగిలిన నెట్టుడును గోడల బయట నిలిచిన ఊతకమానులు నేలకు చేరుస్తాయి. మోసే పని తగ్గిన గోడ స్థానంలోకి రంగుటద్దాల కిటికీ వచ్చింది. 1194 అగ్నిప్రమాదం తరువాత పునర్నిర్మించిన షార్త్ర్ కేథడ్రల్ ఈ సూత్రానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. చదువురాని భక్తుడికి ఆ కిటికీయే బైబిలు కథను చూపింది.

3. కొనదేరిన కమాను - తెలంగాణ నేపథ్యం:
మెదక్ కేథడ్రల్‌లోని కొనదేరిన కమానును పాశ్చాత్య ప్రభావానికి చిహ్నంగా చూపడం సరికాదు. ఆ ఆకారం అప్పటికే దక్కనులో శతాబ్దాలుగా ఉంది. గోల్కొండకు సమీపంలో, నేటి హైదరాబాదు నగరంలో కలిసిపోయిన షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఉంది. బాటసారుల విడిదికై కట్టిన ఆ రెండంతస్తుల కట్టడం ముఖభాగమంతా కొనదేరిన కమానుల వరుసే. 1591 నాటి చార్మినార్ నాలుగు ముఖాలలోనూ అదే ఆకారం కనిపిస్తుంది.

అయితే ఈ రెండు సంప్రదాయాలలో కమాను పాత్ర వేరు. కుతుబ్‌షాహీ కట్టడాలలో రాయి, గచ్చుసున్నంతో లేచిన మందపాటి గోడలే బరువు మోస్తాయి. వాటి మీద గచ్చుతో అలంకారం చేస్తారు. గోథిక్ సంప్రదాయంలో కమాను, ఈనె, స్తంభం కలిసి ఒక చట్రంగా పనిచేస్తాయి. కాబట్టి మెదక్ పరిసరాలవారికి కొత్తగా తోచగలిగినది కమాను ఆకారం కాదు. శిలువ ఆకారపు తలవిన్యాసం, పొడవైన నడిమిసాల, ఒక్కటిగా పైకి లేచిన గంటగోపురం, రంగుటద్దాలు మాత్రమే ఇక్కడ నిజమైన కొత్తదనం.

4. మెథడిస్టులు గోథిక్‌ను స్వీకరించడం:
ఈ చర్చిని కట్టించినది వెస్లియన్ మెథడిస్టు మిషను. జాన్ వెస్లీ 18వ శతాబ్దంలో ఆరుబయట పొలాలలో, గనికార్మికుల మధ్య బోధించాడు. ఆయన అనుయాయుల తొలి ప్రార్థనామందిరాలు నిరాడంబరమైనవి. బోధవేదిక స్పష్టంగా కనబడటం, మాట వినబడటం వాటి ప్రధాన ప్రయోజనాలు. అటువంటి సంప్రదాయం కేథడ్రల్ రూపాన్ని ఎంచుకోవడానికి ఇంగ్లండులో వచ్చిన మార్పే కారణం. ప్యూజిన్ 1836లో ప్రచురించిన గ్రంథంతో గోథిక్ ఒక్కటే నిజమైన క్రైస్తవ వాస్తువన్న వాదం బలపడింది. 1850లో జాబ్సన్ అనే మెథడిస్టు బోధకుడు ప్రార్థనామందిరాల నిర్మాణంపై వెలువరించిన గ్రంథంలో తన సంఘానికీ అదే శైలిని సిఫారసు చేశాడు. మెదక్ కేథడ్రల్ నమూనాను రూపొందించిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందినది.

హైదరాబాదు రాజ్యంలో గోథిక్ చర్చి అంతకు ముందే ఉంది. బొల్లారంలో 1847లో నిర్మితమైన హోలీ ట్రినిటీ చర్చి ప్రధానంగా కంటోన్మెంటు సైన్యం కోసం కట్టినది. మెదక్‌లో నిర్మాణానికి నాయకత్వం వహించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ కూడా 1895లో సికింద్రాబాదు చేరి, మొదట తిరుమలగిరిలోని బ్రిటిష్ సైనికుల మధ్యనే పనిచేశాడు. తరువాత గ్రామాల వైపు మళ్లి మెదక్‌ను కేంద్రంగా చేసుకొన్నాడు. దండువారి శైలి గ్రామీణుల ఆరాధనాస్థలానికి చేరిన తీరు ఇది. మెదక్ ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. చర్చి ప్రతిష్ఠ జరిగిన 1924లోనే కేరళలోని వైకంలో, ఆలయం చుట్టూ ఉన్న వీధులలో నడిచే హక్కు కోసం అవర్ణులు సత్యాగ్రహం చేయవలసివచ్చింది. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఆదిహిందూ ఉద్యమాన్ని నడుపుతున్న కాలమూ అదే. గుడి గడప దాటనివ్వని సమాజంలో, జిల్లాలోకెల్లా ఎత్తైన ఆరాధనాస్థలంలోకి తలవాకిలి నుండి నడిచి వెళ్లగలగడం ఆనాటి దళితుడికి వాస్తుశైలికి మించిన విషయం.

5. నిర్మాణం - కరవు శ్రమ:
మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ధాన్యం ధరలు పెరిగాయి. 1918లో వర్షాభావానికి ఇన్‌ఫ్లుయెంజా తోడై దక్కను గ్రామాలు కుదేలయ్యాయి. ఈ దశాబ్దంలో ఆకలితో వచ్చినవారికి పోస్నెట్ ఊరికే అన్నం పెట్టక, చర్చి నిర్మాణంలో పని కల్పించి తిండి ఏర్పాటు చేశాడన్నది కట్టడ చరిత్రలో స్థిరపడిన విషయం.

ఈ పద్ధతి పోస్నెట్ సృష్టి కాదు. కరవు కాలంలో చెరువులు తవ్వించి, బాటలు వేయించి కూలి ఇవ్వడం పాలకులకు పాత ఆచారం. మెదక్‌కు సమీపంలోని పోచారం జలాశయాన్ని నిజాం ప్రభుత్వం ఈ దశాబ్దంలోనే నిర్మించింది. కొండరాయి పుష్కలంగా దొరికే ప్రాంతంలో రాతికట్టడానికి వేల చేతులు కావాలి. రాయి కొట్టడం, మోయడం, సున్నం నూరడం, పరంజా ఎత్తడం వంటి పనులకు అనుభవం లేనివారినీ తీసుకోవచ్చు. ఇటుక, ఇనుముతో త్వరగా ముగిసే కట్టడం అంతమందికి అన్నేళ్లు పని ఇవ్వలేదు. గోథిక్ శైలికి అవసరమైన విస్తారమైన రాతిపని ఆ విధంగా కరవు అవసరానికి సరిపడింది. నేలకు పరచిన రంగుపలకలు మాత్రం బ్రిటన్ నుండి దిగుమతి అయ్యాయి. వాటిని ఇటలీ పనివారు అమర్చారు. నేల విదేశీయం, గోడ స్థానికం.

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న ఉంది. ఆకలితో ఉన్నవాడికి మిషను పని ఇవ్వడం సేవా, మతాంతరీకరణకు ఎరా? పనికి బదులుగా ఇచ్చిన తిండి కూలి అవుతుంది గాని దానం కాదు. అందులో పనివాడి గౌరవానికి చోటుంది. అయితే ఆకలి ముందు బేరమాడే శక్తి కూలివాడికి ఉండదన్నదీ అంతే నిజం. పోస్నెట్ ఔదార్యాన్ని కీర్తించే రచనలు రెండవ అంశాన్ని విస్మరిస్తాయి. మిషనును శంకించే రచనలు మొదటి అంశాన్ని విస్మరిస్తాయి. రెండు వాదాలూ రాయి మోసినవారిని లబ్ధిదారులుగానో బాధితులుగానో చూస్తాయి గాని నిర్మాతలుగా చూడవు.

6. కిటికీలు - కాలక్రమం:
నేటి సందర్శకులను ఎక్కువగా ఆకర్షించే మూడు రంగుటద్దాల కిటికీలు 1924 నాటి ప్రతిష్ఠ సమయానికి లేవు. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన వీటిలో ఉత్తరాన బలిపీఠం వెనుక ఉన్న క్రీస్తు ఆరోహణం 1927లోను, పడమటి జననదృశ్యం 1947లోను, తూర్పున ఉన్న సిలువదృశ్యం 1958లోను వచ్చాయి. మొదటిది నిజాం పాలనలోను, రెండవది దేశానికి స్వాతంత్ర్యం వచ్చి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన సంవత్సరంలోను, మూడవది ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాతను అమరాయి.

మధ్యయుగ చర్చిలలో బలిపీఠం తూర్పుదిక్కున ఉండటం సంప్రదాయం. మెదక్‌లో అది ఉత్తరాన ఉంది. ఫలితంగా సిలువదృశ్యం వెనుక ఉదయపు ఎండ, జననదృశ్యం వెనుక సాయంకాలపు ఎండ పడతాయి. ఉత్తరపు కిటికీకి ఏడాదిలో అధికభాగం నేరుటెండ తగలదు. అక్కడ వెలుగు నిలకడగా ఉంటుంది. చీకటిపడితే లోపలివారికి మూడు దృశ్యాలూ అదృశ్యమవుతాయి.

మధ్యయుగ కేథడ్రళ్లు తరాల తరబడి పెరిగాయి. 1248లో మొదలైన కొలోన్ కేథడ్రల్ 1880లో గాని పూర్తికాలేదు. మెదక్ కేథడ్రల్ కూడా 1914 నుండి 1958 వరకు 44 ఏళ్లపాటు రూపొందిన కట్టడమే. 1924ను ముగింపుగా గాక ఒక మజిలీగా గుర్తించాలి.

7. ముగింపు:
మెదక్ కేథడ్రల్ మధ్యయుగపు కట్టడం కాదు. మధ్యయుగ రూపాన్ని 20వ శతాబ్దపు అవసరానికి వాడుకొన్న కట్టడం. రూపం ఇంగ్లండు నుండి వచ్చింది. రాయి, శ్రమ తెలంగాణవి. ఆ రూపం కోరిన రాతిపని కరవులో కూలి అయింది. అందువల్ల ఇక్కడ శైలీచరిత్రను శ్రమచరిత్ర నుండి విడదీసి రాయడం సాధ్యం కాదు.

మిషను నివేదికల భాండాగారం లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయాస్ గ్రంథాలయంలో ఉంది. వాస్తుశిల్పి, మిషనరీ, దాతల దృష్టి ఆ పత్రాలలో దొరుకుతుంది. రాయి మోసినవారి దృష్టి కోసం మెదక్ పరిసర గ్రామాలలోని కుటుంబ జ్ఞాపకాలను, క్రైస్తవ కీర్తనలను, పనిపాటలను ఆశ్రయించాలి. గోపురం చార్మినార్‌ను మించకూడదని నిజాం అభ్యంతరం చెప్పాడన్న కథ నేటికీ ప్రచారంలో ఉంది. అది వాస్తవమా కాదా అన్నదానికన్నా, తమ చేతులతో ఎత్తిన గోపురాన్ని రాజధాని చిహ్నంతో పోల్చుకొన్న జనుల ఆత్మగౌరవానికి అది సాక్ష్యం. ఇటువంటి మౌఖిక సామగ్రిని సేకరించడం తెలుగు పరిశోధకులు మాత్రమే చేయగల పని. ఆ తరాన్ని చూసినవారి సంతానం కూడా వృద్ధాప్యానికి చేరిన ఈ సమయంలో అది వాయిదా వేయదగిన పని కాదు.