హృదయకవియు నన్యాపదేశియు: శరచ్చంద్రుని తొలికథల ప్రకటనము

రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందుఁ గవికిఁ బదియవస్థలు చెప్పినాఁడు. అందు రెండవవాఁడు హృదయకవి. వాఁడు మనసుననే రచించి దాఁచుకొనును. మూఁడవవాఁడు అన్యాపదేశి, వాఁడు తన కృతినే, దోషము పట్టుదురను భయముచేతఁ బరకృతియని చదివి వినిపించును. వేయేండ్లకుఁ బైఁబడిన యీ విభాగము ఆనాఁటి కవిసమాజములఁ జూచి చేసినది. అయినను అచ్చుయంత్రము వచ్చిన పిమ్మటి కథకులలో దీనికి వంగీయుఁడగు శరచ్చంద్ర చట్టోపాధ్యాయునికంటెఁ జక్కని లక్ష్యము దొరకుట యరిది.

శరచ్చంద్రుఁడు 1876లో హుగ్లీమండలమందలి దేవానందపురమునఁ బుట్టెను. మాతామహగృహమగు భాగల్పురమునఁ జాలకాలము పెరిగెను. తండ్రి మోతీలాలు కథలు మొదలిడువాఁడేకాని ముగించువాఁడు గాఁడు. కుమారుఁడు ముగించెను, గాని యచ్చున కీయలేదు. భాగల్పురమున మిత్రులు గూడి నడపిన సాహిత్యగోష్ఠిలో నవి చదువఁబడెను. 'ఛాయ' యను చేతివ్రాఁతపత్రిక యుండెను. 'బడదీది', 'దేవదాసు' మొదలగువాని తొలిప్రతులు ఆ కాలమునవే. హృదయకవికి గోష్ఠి యేలయని యాక్షేపింపవచ్చును. కాని యెఱిఁగిన చెలికాండ్ర నడుమఁ జదువుట వేఱు. ముఖ మెఱుఁగని పాఠకుని చేతఁ బెట్టుట వేఱు.

1903లో బర్మాకుఁ బోవుచు 'మందిర్' అను కథను పోటీకిఁ బంపెను. పోటీ పెట్టినవాఁడు కుంతలీనమను తలనూనెను అమ్మిన హేమేంద్రమోహన బసు. కథలో సరకు పేరు రావలెను, ప్రకటనవలెఁ దోఁపరాదు; ఇది నియమము. సమస్యాపూరణమునకు లోఁబడిన కవులకు ఇందు వింత లేదు. 'మందిర్' ప్రథమబహుమాన మందెను. అయితే పంపినది వరుసకు మేనమామయగు సురేంద్రనాథ గంగోపాధ్యాయుని పేర. విద్య తనది, కీర్తి యింకొకనిది; ఓడియున్నచో సిగ్గును నింకొకనిదే యయ్యెడిది.

రంగూనులో నతఁడు లెక్కలకచ్చేరి యుద్యోగి. 1907లో 'భారతి' పత్రికలో 'బడదీది' వెలువడుట యతఁ డెఱుఁగఁడు. వ్రాఁతప్రతిని ఇచ్చినవాఁడు మిత్రుఁడు సౌరీంద్రమోహన ముఖోపాధ్యాయుఁడు. తొలిభాగములలోఁ గర్తృనామము లేదు. రవీంద్రుని రచనయని పాఠకులు తలఁచిరి. అతఁడు తనది కాదనెను. ఆ మిత్రుఁడు వాఙ్మయమునకు మేలు చేసెనని పలువు రందురు. ఫలము మంచిదైనంతమాత్రమున సమ్మతి లేమి దోషము గాకపోదు. స్వతంత్రుఁడే కర్తయని పాణిని మతము. ఆ న్యాయమున శరచ్చంద్రుఁడు రచనమునకుఁ గర్తయే గాని, యీ ప్రకటనమునకుఁ గర్త కాఁడు. ఇంత మెప్పు వచ్చినను, దాను గథలు పంపుటకు మఱి యైదేండ్లు పట్టెను.

1912 ఫిబ్రవరిలో రంగూనులో నతని యిల్లు కాలిపోయెను. పుస్తకములు, 'చరిత్రహీన్' వ్రాఁతప్రతి, తాను వ్రాసిన మహాశ్వేతాచిత్రము బూడిదయ్యెను. బాణుని నాయికకుఁ దపోవనము దక్కెను, ఈమెకు నదియు లేదు. ఆ యేఁటనే సెలవుపైఁ గలకత్తాకు వచ్చి, ఫణీంద్రనాథ పాలుని 'యమున' పత్రికకు వ్రాయుటకు మాటయిచ్చెను. 1913లో 'రామేర్ సుమతి', 'బిందూర్ ఛేలే' తన పేరనే వెలువడెను. అగ్నియే కారణమని రూఢిగాఁ బలుకరాదు. కాని దాఁచినదానికి దాఁచినచోటనే చేటు గలదని యంతకంటె స్పష్టముగాఁ దెలుపునది లేదు. 'యమున' చిన్నపత్రిక యగుటయుఁ గొంత కారణము గావచ్చును. పెద్దసభకంటె చిన్నసభ జంకు తీర్చును.

అన్యాపదేశి యంతటితోఁ బోలేదు. స్త్రీల విలువను గూర్చిన 'నారీర్ మూల్య' మను వ్యాసము అదే 'యమున'లో, అదే 1913లో, అక్క యగు అనిలాదేవి పేర వెలువడెను. కథకుఁ దన పేరు, వాదమునకు అక్క పేరు! దీని కారణ మూహింపఁ గష్టము గాదు: కథలోఁ బాత్రలు పలుకును, వాదములోఁ గర్తయే పలుకవలెను.

1916లో నుద్యోగము మాని వంగమునకు మరలెను. మఱల వ్రాసిన 'చరిత్రహీన్' 1917లో గ్రంథమయ్యెను. 'దేవదాసు'ను మాత్రము, యౌవనారంభమునాఁటిదని, ప్రకటించుటకుఁ జాల జంకెను. అదియు 1917లోనే యచ్చుపడెను. చక్రపాణి మొదలగువారి యనువాదములచేత శరచ్చంద్రుఁడు తెలుఁగువారికి నింటివాఁడయ్యెను. 1953 నాఁటి చలనచిత్రమునకుఁ బిమ్మట, దాఁచఁదలఁచిన యా కథయే తెలుఁగునాట నతని రచనలన్నిటికంటె నెక్కువమంది యెఱిఁగినది.