కంచె అక్కరలేని గన్నేరు

గన్నేరులో ఆకు, పువ్వు, కాండం, వేరు అన్నీ విషమే. గుండె లయను దెబ్బతీసే ఒలియాండ్రిన్ మొక్కంతటా ఉంటుంది. పశువు మామూలుగా మూతి పెట్టదు గనుకే కంచె లేని చోట్ల కూడా ఈ పొద శతాబ్దాలుగా మనిషి చెంత నిలిచింది.

మధ్యధరా తీరం నుంచి భారతదేశం దాకా, వేసవిలో ఎండిపోయే వాగుల గట్లు దీని స్వస్థలం. కరువుకు ఓర్చే గుణం అక్కడిదే. దళసరి ఆకును తిప్పి భూతద్దంతో చూస్తే చిన్న గుంటలు, వాటిలో నూగు కనిపిస్తాయి. ఆకు ఊపిరి రంధ్రాలు ఆ గుంటల్లో దాగి ఉంటాయి; అందుకే వడగాలికి కూడా నీరు తొందరగా ఆవిరైపోదు.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయిన రోమన్ నగరం పాంపేయీలో, ఇళ్ల గోడ చిత్రాల్లో పూసిన గన్నేరు పొదలున్నాయి. ఆ ఏడే మరణించిన రోమన్ రచయిత ప్లినీ, ఇది మేకలకూ గొర్రెలకూ విషమని రాశాడు. మనుషులకు పాముకాటు విరుగుడన్నాడు గానీ, ఆ మాట నమ్మరాదు. మన సుశ్రుత సంహిత దీన్ని వేరు విషాల్లో చేర్చింది. అయినా శివపూజకు తెల్ల గన్నేరు పూలు కోస్తూనే వచ్చారు.

అమెరికాలోని గాల్వెస్టన్ ద్వీపానికి 1841లో జోసెఫ్ ఆస్టర్‌మన్ అనే వర్తకుడు జమైకా నుంచి గన్నేరు మొక్కలు తెచ్చాడు. 1900 నాటి తుపాను ఊరిని తుడిచిపెట్టాక, సముద్రపు ఇసుకతో నేల మట్టం పెంచారు. ఆ ఉప్పు నేలలో తట్టుకున్న కొద్ది మొక్కల్లో గన్నేరు ఒకటి. అక్కడి మహిళల సంఘం దాన్నే ఊరంతా నాటించింది. అణుబాంబు పడిన హిరోషిమాలో ముందుగా పూసినవాటిలో ఇదొకటని చెప్పుకుంటారు. 1973లో ఆ నగరం దీన్ని తన పువ్వుగా ఎంచుకుంది.

మన జాతీయ రహదారుల డివైడర్ల మీద గన్నేరు చేరడానికీ కారణం అదే మొండితనం. పొగను ఓర్చుకుంటుంది, పశువులు మేయవు, ఎదుటి వాహనాల లైట్లు కళ్లలో పడకుండా అడ్డుకుంటుంది.

పెరట్లో పెంచాలంటే జానెడు కొమ్మ చాలు. నీళ్ల సీసాలో పెట్టినా వేరు తొడుగుతుంది. పూత తగ్గాక కత్తిరిస్తే గుబురుగా చిగురిస్తుంది. కత్తిరించిన కొమ్మలను మాత్రం పశువులకు అందే చోట పడేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. ఆ పొగ కూడా విషమే. ఈ మొక్క విషమన్న భయంతోనే 2024లో కేరళలోని తిరువాన్కూర్ దేవస్వం బోర్డు నైవేద్యంలోనూ ప్రసాదంలోనూ గన్నేరు పూల వాడకాన్ని ఆపేసింది.