ఆవంలో సందులు

మంట కాడికి జరగండిరా. మా తాత కత అడిగితిరి కదా, చెప్తా.

హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో అప్పుడు కుమ్మరోళ్ల చేతికి దుడ్లు వచ్చేది తక్కువ. ఏడాది పొడుగునా ఊరికి సంగటి చట్లు, నీళ్ల కుండలు ఇస్తే, కళ్ళంలో రాగులు కొలిచి పోస్తా ఉండిరి. పెండ్లికి అరివేణి కుండలు చేస్తే బియ్యం, టెంకాయ. చావుకీ కుండ మాదే.

తాతకు మాత్రం ప్రాణమంతా బొమ్మల మీద. ఎద్దు మూపురాన్ని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే, అది బరువు లాగతా ఉండేట్ల అయిపోయేది. కుండ లోపల రాయి పట్టి బయట చెక్కతో తట్టేటప్పుడు కూడా ఆయప్ప చూపు ఆరబెట్టిన ఎద్దుల మీదే. మాయవ్వకు అది గిట్టదు. "ఎద్దులో సంగటి వండేదా?" అనేది. కుండలు కాల్చే ఆవానికి కంపా, కొబ్బరి మట్టలూ నెత్తిన మోసేది ఆయమ్మే కదా!

కడాకు ఇద్దరికీ ఒప్పందం కుదిరె. ఆవం పేర్చేది అవ్వ. ముందు చట్లు, కుండలు. గుండ్రంటివి ఎంత దగ్గరగా పెట్టినా నడుమ సందులుంటాయి. ఆ సందులు తాతవి. అదే మంట, పైన ఒక్క పుల్ల ఖర్చు లేదు. అందుకే తాత ఎద్దులన్నీ పిడికెడంతే. పెద్ద గుర్రం చేయాలని ఆశ ఉండె, చేయనే లేదు. చంద్రచూడేశ్వరుని తేరుకు ఎద్దుల్ని గంపలో పెట్టుకొని పోయి అమ్మేది. ఆ దుడ్లు తాతవే. వాటినీ అవ్వ చేతిలోనే పోస్తా ఉండె, అది వేరే సంగతి.

ప్రమిదల కష్టం ఇంకొకటి. అమ్మేది కార్తీకంలో, అప్పుడేమో మనకు వానలు, పచ్చి మట్టి ఆరదు. ఎండాకాలంలోనే కాల్చి అటకెక్కించాల. అప్పుడు కంపకు పెట్టిన దుడ్డు కార్తీకం దాకా తిరిగి రాదు. ఆ నెలల్లో ఉప్పూ పప్పూ తెచ్చింది తాత ఎద్దులే. అవ్వ ఒప్పుకోలేదనుకో.

తర్వాత సత్తు గిన్నెలొచ్చె, సిప్కాట్ ఫ్యాక్టరీల పేట వచ్చె. 1980లో టీవీఎస్ వాళ్లు హోసూరులో మొపెడ్లు చేయబట్టిరి, ఆ వెనక టైటాన్ గడియారాలు. చిన్నాయనలు సారె వదిలి షిఫ్టులకు పోయిరి. నేను తప్పు పట్టను. వానొస్తే వాళ్ల జీతం కరిగిపోదు. మా నాయన మాత్రం ఆ మొపెడే ఒకటి కొని, చట్లు కట్టుకొని కృష్ణగిరి సంతకు పోయె.

మా తమ్ముని కొడుకు పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ చూసొచ్చె. అమెరికా నుంచి వచ్చిన డెబొరా స్మిత్, రే మీకర్ 1971లో పెట్టింది. "ఆయమ్మ గిన్నెలు, కప్పులు చూసుకుంటే, ఆయన పెద్దపెద్ద బొమ్మలు చేసె, పెదనాయనా" అనె. అయితే అక్కడా ఒక అవ్వ ఉందన్నమాట!

ఇప్పుడు బెంగళూరోళ్లు కార్లలో వచ్చి తోటల్లోకి గుర్రాలు అడుగుతారు, చెప్పిన ధర ఇస్తారు. వాళ్లే నీళ్ల కుండకు పది రూపాయలు తగ్గించమంటారు. మా తమ్ముని కొడుకు ఆవంలో ముందు గుర్రాలు పేర్చి, సందుల్లో చట్లు పెడతాడు. మొన్న సంగటి చట్టి ఒకటి అడిగితే, "ఈ తూరి చోటు లేదు పెదనాయనా" అనేసె.