మామ్మగారిని కూడా అడగండి



బాపట్లలోనో రేపల్లెలోనో ఓ మామ్మగారి వయసెంతని అడిగి చూడండి. ఏడాది చెప్పదు. “1977 ఉప్పెన నాటికి నాకు ఇద్దరు పిల్లలమ్మా!” అంటుంది. 70కి అటూ ఇటూ ఉంటాయని మనమే లెక్క కట్టుకోవాలి. ఓపిగ్గా అడిగేవాళ్ళుంటేనే ఆవిడ సంగతి కాగితం మీదికి ఎక్కుతుంది. ఆ ఓపిక లేకపోతే ఏమవుతుందో కరోనా కాలం మనకి చూపించింది.

1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా పడుచువాళ్ళని ఎక్కువగా పొట్టనబెట్టుకుంది. 2020 నాటి కరోనా పెద్దవాళ్ళ మీద పడింది. మరి మందులైనా టీకాలైనా వాళ్ళ ఒంటికి ఎలా పనిచేస్తాయో ముందుగా చూడాలా, వద్దా? వయసు మళ్ళిందనో, వేరే జబ్బులున్నాయనో చాలా పరీక్షల్లో వాళ్ళని పక్కన పెట్టేశారు.

మన హైదరాబాదులో తయారైన కొవాగ్జిన్ పరీక్షలో సుమారు 25,800 మంది పాల్గొన్నారు. 60 దాటినవాళ్ళనీ చేర్చుకున్నారు, మంచిదే. కాని వాళ్ళు కొద్దిమందే. మొత్తం మీద 77.8 శాతం రక్షణ ఉందని తేలింది. 60 దాటినవాళ్ళలో 67.8 శాతం అన్నారు గాని, అది 8 నుంచి 90 దాకా ఎక్కడైనా ఉండవచ్చునన్నారు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలు; మనుషుల విషయంలో చాలదు కదా!

లాక్‌డౌన్‌లో సర్వేలు చాలావరకు ఫోనులోకి మారాయి. ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? అత్తగారి మోకాళ్ళ నొప్పి గురించి కొడుకుని అడిగితే ఏం తెలుస్తుంది? చెవులు సరిగా వినబడని ఒంటరి ముసలమ్మని అసలు ఎవరడుగుతారు?

పోనీ, గడప దాకా వెళ్ళడం కానిపనా? 2017-18లో లాసీ అనే దేశవ్యాప్త సర్వేవాళ్ళు 45 ఏళ్ళు దాటినవాళ్ళనీ, వాళ్ళ భార్యాభర్తలనీ కలిపి 72,000 మందికి పైగా ఇళ్ళకి వెళ్ళి పలకరించారు. బీపీ చూశారు, చేతి పట్టు కొలిచారు. మన రాష్ట్రంలో 2020 ఫిబ్రవరి 1 నుంచి పింఛను ఇంటికే తెచ్చి ఇవ్వడం మొదలైంది. లాక్‌డౌన్‌లోనూ అది ఆగలేదు. తెనాలి సందుల్లోకీ, రేపల్లె పల్లెల్లోకీ డబ్బు వెళ్ళగలిగినప్పుడు, “ఒంట్లో ఎలా ఉందమ్మా?” అన్న ప్రశ్న మాత్రం ఎందుకు వెళ్ళకూడదు?

మన వంతు పని కూడా ఒకటుంది. సర్వేవాళ్ళు వచ్చినప్పుడు అత్తగారి తరపున మనమే గబగబా జవాబులు చెప్పేస్తూంటాం. ఆవిడకి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆవిడ్నే చెప్పనివ్వండి. కాస్త ఆలస్యమైతే కానివ్వండి. రేపు ఆ లెక్కలు చూసే మందులు తయారవుతాయి, ఎల్లుండి వాటిని మింగాల్సినవాళ్ళం మనమే!