కొండదారి చెప్పుట

బోథ్ సమీపమున ఉన్న పొచ్చెర జలపాతము చూడబోవువానికి దూరమెంతో చెప్పినంత మాత్రాన చాలదు. ఏ బండ తడిసి జారునో, ఎక్కడ కాలు పెట్టరాదో కూడా చెప్పవలెను. నిలువురాతిని ఎక్కువారికి ఈ అవసరము మరింత హెచ్చు. ముందు ఎక్కినవాని మాటను నమ్మియే వెనుకవాడు బండ మీద చేయి వేయును గదా!

ఆ మాటలో ఏమి ఉండవలెను? మార్గము ఎక్కడ మొదలగును, పగులు వెంబడి సాగునా, నున్నని పలక మీదుగా పోవునా, ఎత్తెంత, మిక్కిలి కష్టమైన చోటేది, తాడుకు ఆధారమెక్కడ దొరకును అన్నవి ముఖ్యములు. వీటికి తోడు, కష్టమును ఒక్క మాటలో తెలుపుటకు తరగతులు ఏర్పడినవి.

1897లో ఓవెన్ గ్లిన్ జోన్స్ అను ఉపాధ్యాయుడు ఇంగ్లండులోని సరస్సుల సీమ కొండదారులను నాలుగుగా విభజించినాడు: సులభము, మధ్యమము, కష్టము, అసాధారణ కఠినము. రెండేండ్లకే, 1899లో, స్విట్జర్లండులోని డాంట్ బ్లాంష్ శిఖరముపై ఆయన మరణించినాడు. ఆయన అసాధారణమన్న దానికి పైన తరువాతివారు ఇంకను మెట్లు చేర్చవలసి వచ్చినది.

అంకెల గతియు అంతే. 1950లలో కాలిఫోర్నియాలోని టాక్విట్జ్ బండ వద్ద, తాడు సాయము కావలసిన ఐదవ తరగతిని 5.0 మొదలు 5.9 వరకు విభజించినారు. అంతకు మించినవి ఎక్కగానే 5.10 అని వ్రాయక తప్పలేదు. గణితములో అది 5.1యే; కొండ మీద 5.9కి పై మెట్టు! నేడు 5.15 వరకు వచ్చినది. రాయి మారలేదు, ఎక్కువారి నేర్పు, సాధనములు మారినవి.

మన భువనగిరిలో, చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన కోటగల ఏకశిలపై నేడు పిల్లలు ఈ విద్య నేర్చుచున్నారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ ఇక్కడ తొలి శిక్షణ పొంది, 2014 మే 25న, పదునాలుగేండ్లయినను నిండకమునుపే ఎవరెస్టు శిఖరము చేరినారు. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆమెకు తోడుగా ఎక్కినారు.

ఇట్టి పిల్లలు ఎందరో రేపు మన గుట్టలపై కొత్త దారులు కనుగొందురు. వారికి మేము చేయు మనవి ఒక్కటే. తాము అవలీలగా ఎక్కితిమని కష్టమును తగ్గించి చెప్పరాదు. ఆ గొప్పకు మూల్యము చెల్లించువాడు వెనుక వచ్చువాడు. జారిన చోటును జారినట్లే, వెనుదిరిగిన చోటును వెనుదిరిగినట్లే చెప్పినవాని మాటయే తరువాతివానికి తాడువలె ఆధారమగును.