గ్రేటా వంతెన: ఒక్క పూతలో

రొమాంటిక్ కాలపు ఇంగ్లండ్ ప్రకృతి చిత్రాలనగానే మనకి గుర్తొచ్చేవి శిథిలమైన చర్చిలు, తుఫాన్లు, టర్నర్ ఆకాశాలు. జాన్ సెల్ కాట్మన్ 1805 ప్రాంతంలో వేసిన ‘గ్రేటా బ్రిడ్జ్’లో ఆ హంగామా ఏమీ లేదు. ఒక నది, ఒకే కమాను ఉన్న రాతి వంతెన, ముందు కొన్ని బండలు. పోనీ వంతెనైనా పాతదా అంటే, అదీ కాదు. జాన్ కార్ అనే వాస్తుశిల్పి రూపకల్పనతో 1773లో కట్టారు. కాట్మన్ కంటే తొమ్మిదేళ్లే పెద్దది.

ఆ వేసవిలో అతను దగ్గర్లోని రోక్‌బీలో మారిట్ కుటుంబానికి అతిథి. (వెలాస్కెజ్ వేసిన ‘రోక్‌బీ వీనస్’కి ఆ పేరు వచ్చింది ఈ ఇంటివల్లే.)

చిత్రం ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది, అంతే. అందులో కాట్మన్ చేసిన పని చూడండి. నీటిరంగుల్లో వెలుతురుని పుయ్యరు, కాగితాన్ని వదిలేసి తెచ్చుకుంటారు. అతను ఒక పలచటి పూత వేసి, దాన్ని ఆరనిచ్చి, పక్కన ఇంకోటి వేస్తాడు. బండకి గరుకుతనం, చెట్టుకి ఆకులు విడివిడిగా చూపించడు. ప్రతిదానికీ ఒక స్పష్టమైన అంచు, లోపల ఒకే చదునైన రంగు. కమాను నీడ నీళ్లలో పడితే అదీ అలాంటి ఒక ఆకారమే. ఈ పద్ధతిలో తర్వాత దిద్దుకోడానికి పెద్దగా వీలుండదు. రోజంతా అన్‌డూ నొక్కుతూ బతికే నాలాంటివాడికి ఇది భయం పుట్టించే విషయం.

ఇరవయ్యో శతాబ్దపు విమర్శకులకి ఈ చదును రంగుల్లో ఆధునిక కళ ముందే కనిపించింది. ఆ మెచ్చుకోలు నాకంతగా రుచించదు. కాట్మన్ భవిష్యత్తు కోసం వెయ్యలేదు, ఎదురుగా ఉన్న రాయి మీద ఎండ పడితే అలా కనిపించింది కాబట్టి వేశాడు. కాకపోతే అప్పుడు దానికి గిరాకీ లేదు. 1806లో లండన్ నీటిరంగుల చిత్రకారుల సంఘం అతన్ని సభ్యుడిగా ఎన్నుకోలేదు. సొంతూరు నారిచ్ వెళ్లిపోయి, డ్రాయింగ్ పాఠాలు చెప్పుకుని బతికాడు.

1810లో అక్కడే ఇదే వంతెనని మళ్లీ వేశాడు. ఆ రెండోది ఇప్పటికీ నారిచ్ మ్యూజియంలోనే ఉంది. 1842లో కాట్మన్ పోయాడు. మొదటి చిత్రాన్ని బ్రిటిష్ మ్యూజియం కొన్నది 1902లో.