జయపురం లక్ష రూపాయలు

కొత్త విద్యా సంవత్సరానికి ముందు మన విద్యానిధి గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి, మన కోరాపుట్ వైపు చరిత్ర ఒకటి గుర్తు చేసుకుందాం.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టేనాటికి జయపురం కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. 1931లో జయపురం గద్దెనెక్కిన మహారాజా విక్రమదేవ వర్మ ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆయన ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన కవి. వాల్తేరులోని సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై జయపురం అటు వెళ్లింది. సరిహద్దు మారినా ఆ కళాశాల పేరులో జయపురం నిలిచింది.

ఆ దానంలో మనం పట్టుకోవలసిన మాట ‘ఏటా’. ఒకసారి వచ్చిన డబ్బుతో భవనం లేస్తుంది. అధ్యాపకుల జీతాలు, ప్రయోగశాల ఖర్చులు నడవాలంటే ఏటా డబ్బు రావాలి. పేద విద్యార్థి సంగతీ అంతే. మొదటి ఏడాది ఫీజు కట్టి, శాలువా కప్పి, ఫొటో దిగి ఊరుకుంటే, రెండో ఏడాది హాస్టల్ బిల్లు దగ్గర చదువు ఆగిపోతుంది. అప్పుడు మన మొదటి సాయమూ వృథాయే.

అందుకే చిన్న మొత్తమైనా సరే, డిగ్రీ మూడేళ్లూ ఏటా ఇస్తామని మాట ఇద్దాం. కొత్తవాళ్లను తీసుకునే ముందు, ఇప్పటికే చేయి పట్టుకున్న పిల్లల చివరి ఏడాది ఫీజు పక్కన పెడదాం. ఈసారి జాబితా చిన్నదైనా ఫర్వాలేదు, మధ్యలో ఎవరూ ఆగిపోకూడదు.